షష్టిపూర్తి హాల్లో పాత ఫొటోల షో: పగటి వెలుతురులో, మూడు వందల మంది ముందు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. జనవరిలో తెనాలిలో మీ నాన్నగారి షష్టిపూర్తి. కల్యాణ మండపం, ఉదయం కార్యక్రమం, మూడు వందల మంది వస్తారు. హాలు పొడవు సుమారు అరవై అడుగులు. మీ బావగారు ఆన్‌లైన్‌లో ఒక చిన్న ప్రొజెక్టర్ కొన్నారు, దాని పెట్టె మీద 9000 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలత) అని ఉంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో 250 ఫొటోలు పోగయ్యాయి. వాటన్నిటినీ పాటలతో కలిపి అరగంట షోగా వేయాలనుకుంటున్నారు. కుదురుతుందా, ఇంకా ఏమేం కావాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ ప్రొజెక్టర్‌తో పగటిపూట ఆ హాల్లో ఏమీ కనిపించదు. అరగంట షో కూడా వద్దు, ఏడు నిమిషాలు చాలు. అలాగని ఆ ప్రొజెక్టర్‌నీ మిగిలిన ఫొటోలనీ పక్కన పడేయక్కర్లేదు. వాటికి మంచి చోటు వేరే ఉంది, కింద చెప్తాను.

నేను రాజమండ్రి చుట్టుపక్కల పద్దెనిమిదేళ్లుగా ఫంక్షన్లకు ప్రొజెక్టర్లు, తెరలు, ఇప్పుడు ఎల్‌ఈడీ వాల్స్ పెట్టే పని చేస్తున్నాను. ఏ ఇంటివాళ్లు అడిగినా నేను ముందు ఒక మనిషిని గుర్తు చేస్తాను. హాల్లో చివరి వరుసలో, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చునే డెబ్బై అయిదేళ్ల మేనత్త. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూస్తే తెర మీద తన పదేళ్ల వయసు ముఖాన్ని తాను గుర్తుపట్టాలి. తెర ఎంత పెద్దది, లైట్లు ఏవి ఆపాలి, ఒక్కో ఫొటో ఎంతసేపు ఉండాలి అనే ప్రశ్నలన్నిటికీ ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తే జవాబు దొరుకుతుంది.

ముందు వెలుతురు సంగతి. ప్రొజెక్టర్ నలుపు రంగును వేయలేదు. ఫొటోలో జుట్టు నల్లగా ఉన్నచోట అది వెలుగు పంపకుండా ఊరుకుంటుంది, అంతే. అక్కడ మనకు కనిపించేది హాల్లోంచి తెర మీద పడుతున్న వెలుతురు. హాలు ఎంత వెలుగుగా ఉంటే మీ నాన్నగారి జుట్టు అంత బూడిద రంగులోకి పోతుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది ఇందుకే.

లెక్క చూడండి. ఆరడుగులు, ఎనిమిదడుగుల తెర వైశాల్యం దాదాపు నాలుగున్నర చదరపు మీటర్లు. నిజంగా 3500 ఆన్సి ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ల్యూమెన్లు) ఇచ్చే ప్రొజెక్టర్ ఆ తెర మీద 780 లక్స్ దాకా వెలుగు వేస్తుంది. లక్స్ అంటే ఒక్కో చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు. హాలు లైట్ల వల్ల తెర మీద 200 లక్స్ పడుతోందనుకుంటే, తెల్లగా ఉండాల్సిన చోటు నల్లగా ఉండాల్సిన చోటుకంటే అయిదు రెట్లు మాత్రమే వెలుగుగా ఉంటుంది. బొమ్మ ఉందని తెలుస్తుంది, ముఖాలు తేలవు. అదే తెర పైన, పక్కన ఉన్న లైట్లు నాలుగు ఆపి ఆ 200ను 50కి తెస్తే తేడా పదహారు రెట్లకు పైగా పెరుగుతుంది. రూపాయి ఖర్చు లేకుండా బొమ్మ మూడింతలు మెరుగవుతుంది. హాలంతా చీకటి చేయక్కర్లేదు, తెర మీద పడే లైట్లు ఆపితే చాలు. హాలు ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడి ఏ స్విచ్ ఏ లైటుదో చీటీ రాసి అంటించుకోండి.

మీ బావగారి ప్రొజెక్టర్ లాంటివాటి మీద రాసే అంకెలకూ ఆన్సి ల్యూమెన్లకూ సంబంధం ఉండదు. ఆ సైజు ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు నిజంగా ఇచ్చేది సాధారణంగా 200, 300 ల్యూమెన్లు. అంటే అదే తెర మీద 50, 60 లక్స్. హాలు లైటు అంతకు మూడు రెట్లు ఉంటుంది. ఇక మీ కార్యక్రమం పగలు. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం కిటికీల్లోంచి ఎండ హాల్లోకి చాలా లోపలికి వస్తుంది. ఒకసారి అదే సమయానికి హాలుకు వెళ్లండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, తెర పెట్టబోయే చోట నిలబడి ఫోన్ ముఖాన్ని కుర్చీల వైపు తిప్పి చూడండి. అది కచ్చితమైన కొలత కాదు కానీ అంచనాకు సరిపోతుంది. 200 దాటితే, పరదాలు వేసే వీలు కూడా లేకపోతే ప్రొజెక్టర్ మాట మానేయండి.

రెండోది సైజు. ఫొటోలు చూసేటప్పుడు చివరి మనిషి దూరం బొమ్మ ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదు, తప్పనిసరైతే ఎనిమిది రెట్లు. మీ హాలు అరవై అడుగులు. ఆరు రెట్ల లెక్కలో బొమ్మ ఎత్తు పది అడుగులు, ఎనిమిది రెట్ల లెక్కలో ఏడున్నర అడుగులు కావాలి. మామూలుగా టెంట్ హౌస్‌లో దొరికే ఆరు ఎనిమిది తెర మీద ఇప్పటి వెడల్పాటి వీడియో వేస్తే బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులే వస్తుంది. అది ముప్పై, ముప్పై అయిదు అడుగుల దాకా పనికొస్తుంది. హాలులో వెనక సగం మందికి లేనట్టే. 65 అంగుళాల టీవీ ఎత్తు రెండున్నర అడుగుల పైచిలుకు, కాబట్టి ఇరవై అడుగులు దాటితే అదీ అంతే.

అందుకే మీ హాలుకు, ఆ సమయానికి నా సలహా ఎల్‌ఈడీ వాల్, అంటే చిన్న ఎల్‌ఈడీ లైట్ల ప్యానెల్స్ కలిపి కట్టే పెద్ద తెర. చదరపు అడుగు లెక్కన అద్దె అడుగుతారు. ఎనిమిదడుగుల ఎత్తు, పదమూడడుగుల వెడల్పు దగ్గర తీసుకోండి. ఎక్కువగా వాడే పీ 3.9 రకం (చుక్కకూ చుక్కకూ మధ్య 3.9 మిల్లీమీటర్లు) వాల్‌లో అరమీటరు ప్యానెల్‌కు 128 చుక్కలు ఉంటాయి. అడ్డంగా ఎనిమిది, నిలువుగా అయిదు ప్యానెల్స్ పెడితే మొత్తం 1024, 640 చుక్కలు. మీ వీడియో ఎంత స్పష్టంగా చేసినా అక్కడ కనిపించేది అంతే, కాబట్టి సన్నని అక్షరాలు విరిగిపోతాయి. ఇంకో సంగతి, ఆ వాల్ ఆకారం మీ వీడియో ఆకారానికి సరిగ్గా సరిపోదు. కొందరు ఆపరేటర్లు ఖాళీ కనిపించకూడదని బొమ్మను సాగదీస్తారు, ముఖాలు పొడుగవుతాయి. సాగదీయొద్దు, పైనా కిందా నల్ల పట్టీ ఉన్నా ఫర్వాలేదని ముందే చెప్పండి. వెలుగు కూడా బాగా తగ్గించమనండి. పూర్తి వెలుగులో పెడితే ముందు వరుసల పెద్దవాళ్లకు కళ్లు నొప్పి పుడతాయి, మీ ఫొటోగ్రాఫర్ తీసే ప్రతి ఫొటోలోనూ దంపతుల ముఖాల మీద ఆ రంగులు పడతాయి.

వాల్‌కు డబ్బు లేదు, ప్రొజెక్టరే కావాలంటే 5000 ఆన్సి ల్యూమెన్లకు తగ్గకుండా అద్దెకు తీసుకోండి. చూడాల్సినవాళ్ల కుర్చీలను ముందుకు జరపండి. మామూలు ప్రొజెక్టర్లకు బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరం పడుతుంది, ఎనిమిదడుగుల బొమ్మకు పన్నెండడుగులు. ప్రొజెక్టర్‌ను పైకి ఎత్తి వంచి, వంకరపోయిన బొమ్మను తర్వాత కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేసే పద్ధతి వద్దు. ఆ సర్దుబాటులో స్పష్టత పోతుంది. లెన్సు తెర కింది అంచు ఎత్తుకు దగ్గరగా, తెరకు ఎదురుగా ఉండేలా స్టాండు పెట్టించండి.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది ఆలోచించరు. డెకరేషన్ వాళ్లు వాల్‌ను వేదిక వెనక పెడదామంటారు, చూడ్డానికి నిండుగా ఉంటుంది కాబట్టి. అప్పుడు మీ అమ్మానాన్నలు జనం వైపు తిరిగి కూర్చుని ఉంటారు, వాళ్ల జీవితం వాళ్ల వీపు వెనక నడుస్తుంది. మెడ తిప్పి తిప్పి చూస్తారు, చివరికి మానేస్తారు. వాల్‌ను వేదికకు ఒక పక్కన, కాస్త ముందుకు, లోపలికి తిరిగి ఉండేలా పెట్టించండి. దంపతులకూ జనానికీ ఇద్దరికీ కనిపించాలి. అలా కుదరకపోతే వేదిక కింద వాళ్ల ఎదురుగా ఒక చిన్న టీవీ అయినా పెట్టండి. జనం సగంసేపు తెరను చూస్తారు, సగంసేపు వాళ్ల ముఖాలను చూస్తారు. ఫొటోగ్రాఫర్‌కు కూడా చెప్పండి, ఆ ఏడు నిమిషాలు కెమెరా తెర వైపు కాదు, వాళ్ల వైపు ఉండాలని. బొమ్మ కింది అంచు నేల నుంచి అయిదడుగుల ఎత్తులో ఉంటే ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డురావు.

ఇక ఫొటోలు. అసలు పని ఇక్కడే ఉంది, సమయం కూడా దీనికే ఎక్కువ పెట్టండి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు పనికిరావని చాలామంది భయపెడతారు. తెర మీద కనిపించేది ఎన్ని చుక్కలో పైన చెప్పాను కదా, వాట్సాప్ తగ్గించి పంపిన ఫొటో కూడా దానికి సరిపోతుంది. అసలు ఇబ్బంది వేరు. ఎవరో రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద, ఆల్బమ్ ప్లాస్టిక్ కాగితం పైనుంచి, పక్కకు వంగి తీసి పంపి ఉంటారు. ముఖం మీద తెల్లటి లైటు గీత ఉంటుంది. దాన్ని ఏ యాప్ బాగుచేయదు. వాటిలో ముఖ్యమైన నలభై, యాభై ఎంచి, ఆ ఆల్బమ్‌లు ఉన్న ఇళ్లకు మీరే వెళ్లండి.

వెళ్లినప్పుడు పొద్దున పూట వరండాలో, నేరుగా ఎండ పడని నీడలో ఆల్బమ్ పరవండి. ఫ్లాష్ వద్దు. ఫోన్ ఫొటోకు సమాంతరంగా ఉండాలి. మరీ దగ్గరకు వంగకుండా కాస్త పైనుంచి రెండింతల జూమ్‌తో తీస్తే అంచులు వంకరపోవు. మెరిసే ఫొటో అయితే మీరు నల్లచొక్కా వేసుకుంటే మీ ప్రతిబింబం అందులో కనిపించదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలకు మాత్రం స్కానర్ మంచిది, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే నిలువు వెయ్యి చుక్కలు దాటుతుంది. పోస్టుకార్డు సైజుకు 300 చాలు. జిగురు పేజీల ఆల్బమ్‌లలో అంటుకుపోయిన ఫొటోలను గోటితో లాగొద్దు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారం ఫొటో వెనక నుంచి మెల్లగా రంపంలా జరిపితే చాలావరకు వస్తుంది. రాకపోతే అక్కడే ఉంచి తీయండి. గోడ మీద ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన తాతగారి ఫొటోను అసలు విప్పొద్దు, అద్దంతోనే తీయండి. విప్పితే ముఖం అద్దానికే ఉండిపోతుంది.

ట్రంకు పెట్టెల్లో నెగెటివ్‌లు ఉన్నాయేమో అడగండి. ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా చాలా ఇళ్లలో ఉండేది. దాని నెగెటివ్ ఆరు సెంటీమీటర్ల చదరం, ముప్పై అయిదు ఎంఎం కంటే చాలా పెద్దది. ప్రింటు చిరిగిపోయినా ఆ నెగెటివ్ బాగుంటే కొత్త ఫొటోలా వస్తుంది. ట్యాబ్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద ట్రేసింగ్ పేపరు, కాస్త ఎత్తులో నెగెటివ్ పట్టుకుని ఫోన్‌తో తీసి, ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో రంగులు తిరగేయండి. 1970లు, 80లలోని రంగుల ప్రింట్లు ఎర్రగా మారిపోయి ఉంటాయి. కాలక్రమంలో అందులోని నీలి రంగు ముందుగా పోవడం వల్ల అలా జరుగుతుంది. ఎరుపు కొంచెం తగ్గిస్తే చర్మం రంగు తిరిగి వస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ముఖాలను పదును చేస్తామనే ఏఐ యాప్‌లతో పాత ఫొటోలను మార్చొద్దు. మసకగా ఉన్న చోట అవి తమకు తోచిన కళ్లు, తోచిన పళ్లు పెడతాయి. ఫోన్‌లో చూస్తే భలే ఉందనిపిస్తుంది. ఒక ఇంట్లో అలా చేసిన ఫొటో వేస్తే పెద్దాయన చూసి, ‘ఇది మా నాన్న కాదు, మా నాన్న ఇలా ఉండడు’ అన్నారు. ఆ ఇంట్లో ఆయన తండ్రిది ఉన్న ఫొటో అదొక్కటే. మసకగా ఉన్నా నిజమైన ముఖాన్నే ఉంచండి.

ఆల్బమ్ చూస్తూ పెద్దవాళ్లు మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ‘ఇది కృష్ణా పుష్కరాలప్పుడు, ఈ పిల్ల మా చిన్నమ్మాయి’ అని వాళ్లు అన్న మాటే మీకు తెర మీద రాయడానికి పనికొస్తుంది. ఫొటోలో ఎవరున్నారో తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పని షోకంటే కూడా ముఖ్యమని నా నమ్మకం.

ఇప్పుడు మీ బావగారి ప్రొజెక్టర్‌కు పని. ముందురోజు రాత్రికి దగ్గర బంధువులంతా ఇంటికి చేరుకుంటారు కదా. జనవరి రాత్రి మేడ మీద మంచు పడుతుంది, హాల్లోనో వరండాలోనో లైట్లు ఆపి, సున్నం వేసిన గోడ మీద నాలుగడుగుల వెడల్పు బొమ్మ వేయండి. ఆ సైజుకు, ఆ చీకటికి ఆ చిన్న ప్రొజెక్టర్ చక్కగా సరిపోతుంది. మీ 250 ఫొటోలూ అక్కడ వేయండి, పాటలు లేకుండా, తొందర లేకుండా. ఒక్కో ఫొటో దగ్గర ఆగండి. ఎవరు ఎవరో వాళ్లే చెప్పుకుంటారు, మీరు రాసిన పేర్లలో తప్పులు అక్కడే బయటపడతాయి. ఆ తప్పులు మాత్రం ఆ రాత్రికి దిద్ది వీడియో మళ్లీ తీసుకోండి. కొత్త ఫొటోలు చేర్చమని అడుగుతారు, చేర్చొద్దు. అర్ధరాత్రి మార్చిన వీడియోలో తెల్లారి ఏదో ఒకటి తేడా వస్తుంది.

హాల్లో వేసే షోకు అరవై ఫొటోలు ఎంచండి. మామూలు ఫొటోకు ఆరు సెకన్లు, ఎక్కువమంది ఉన్న గ్రూపు ఫొటోకు తొమ్మిది, పది సెకన్లు. మొత్తం ఏడు నిమిషాల దగ్గర ఆగుతుంది. గ్రూపు ఫొటోల మీద నెమ్మదిగా జూమ్ అయ్యే ఎఫెక్ట్ పెట్టొద్దు, చివర నిలబడినవాళ్లు తెర బయటకు పోతారు. వాళ్లూ హాల్లో ఉంటారు, తమకోసం వెతుక్కుంటారు. నిలువు ఫొటోల పక్కన అదే ఫొటోను మసకచేసి నింపే పద్ధతి ఇప్పుడు ఫ్యాషన్. నాకు నచ్చదు, ముదురు రంగు ఖాళీ ఉంటే కన్ను ముఖం మీదే నిలుస్తుంది.

షష్టిపూర్తి నాన్నగారి పేరు మీద జరిగినా పీటల మీద కూర్చునేది ఇద్దరు. అమ్మగారి పుట్టింటి ఫొటోలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. దాదాపు ప్రతి ఇంట్లోనూ అవి నాలుగో అయిదో ఉంటాయి, ఎందుకంటే ఆ ఆల్బమ్‌లు మేనమామల ఇళ్లలో ఉండిపోతాయి. వెళ్లి తెచ్చుకోండి. పోయినవాళ్ల ఫొటోలు దండ వేసిన ఫ్రేములోంచి తీయకండి. నవ్వుతూనో పొలంలోనో ఉన్న ఫొటో వేయండి, రెండు మూడు సెకన్లు ఎక్కువ ఉంచండి. విడిపోయిన జంటల పెళ్లి ఫొటోలు, ఎవరికైనా ఇబ్బంది అనిపించే చిన్నప్పటి స్నానాల ఫొటోలు వదిలేయండి. సందేహం ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి అడగండి.

మొదటి కార్డుకు ఒక ఆలోచన చెప్తాను. మీ నాన్నగారు 1966 జనవరిలో పుట్టారన్నారు, అది విశ్వావసు నామ సంవత్సరం. అరవై తెలుగు సంవత్సరాల చక్రం పూర్తయి 2025 ఉగాదికి మళ్లీ విశ్వావసే వచ్చింది. ‘విశ్వావసు నుంచి విశ్వావసు దాకా’ అని రాసి, కింద ఆయన దొరికినంతలో అతి చిన్నప్పటి ఫొటో పెట్టండి. షష్టిపూర్తి అరవైకే ఎందుకు చేస్తారో పిల్లలకు కూడా ఆ ఒక్క కార్డుతో తెలుస్తుంది.

పేర్లు తెలుగులోనే రాయండి. కొన్ని వీడియో యాప్‌లలో తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు పోతాయి. అలా జరిగితే పవర్‌పాయింట్‌లో రాసి స్లైడును బొమ్మగా సేవ్ చేసి వీడియోలో పెట్టుకోండి. రామభద్ర లాంటి లావు ఫాంటు వాడండి. 1080 ఎత్తున్న వీడియోలో అక్షరం 70 పిక్సెల్స్‌కు తగ్గొద్దు, వత్తులకు కింద చోటు వదలండి. ‘నాన్న, పెదనాన్న’ అని మీ వరస రాస్తే మూడు వందల మందిలో మీ ఇంటివాళ్లకే అర్థమవుతుంది. పేరు, ఊరు, సంవత్సరం రాయండి. సంవత్సరం రూఢిగా తెలియకపోతే ఊరు రాస్తే సరిపోతుంది.

పాటల విషయానికొస్తే, మాటలున్న పాట ఒకటి చాలు, మిగతా సేపు వేణువో వీణో సన్నాయో తక్కువ శబ్దంతో ఉండాలి. ఫొటో వస్తే జనం మాట్లాడుకుంటారు, పేర్లు చెప్పుకుంటారు. పాట గట్టిగా ఉంటే ఆ మాటలు ఆగిపోతాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకల్లో, పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి మినహాయింపు ఇస్తుంది. అదే వీడియోను తర్వాత యూట్యూబ్‌లో పెడితే మాత్రం సినిమా పాట ఉన్నచోట శబ్దం ఆగిపోవచ్చు, దానికి పాట లేని కాపీ ఒకటి వేరే ఉంచుకోండి.

ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ తీగ (బొమ్మను తెరకు పంపేది) తగిలించగానే శబ్దం కూడా ఆ తీగలోంచే వెళ్లిపోతుంది, మైక్ సెట్‌లో ఏమీ వినిపించదు. అందరూ కంగారుపడేది ఇక్కడే. సౌండ్ సెట్టింగ్‌లో హెడ్‌ఫోన్ జాక్‌ను ఎంచి, అక్కడి నుంచి మిక్సర్‌కు తీగ వేయించండి. గుయ్‌మని మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు పోతుంది. బ్లూటూత్ వద్దు. హెచ్‌డీఎంఐ తీగ పది, పదిహేను మీటర్లు దాటితే మామూలుది నమ్మకండి, ఫైబర్ తీగో నెట్‌వర్క్ తీగ మీద నడిచే ఎక్స్‌టెండరో తెమ్మనండి. ఫైబర్ తీగకు ఏ కొస ఎటో రాసి ఉంటుంది, తిరగేసి పెడితే పనిచేయదు.

ఫొటోలను విడివిడిగా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వకండి. కొన్ని అడ్డం తిరుగుతాయి, ఐఫోన్ ఫొటోలు కొన్ని టీవీలలో తెరుచుకోవు. అన్నీ కలిపి ఒకే ఎంపీ4 ఫైలు చేయండి, 1080పీ, హెచ్.264. నాలుగు జీబీ లోపు ఉంటే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, దాదాపు ఏ టీవీ అయినా చదువుతుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి మీ ఫోన్‌లో. హాల్లో నెట్ వస్తుందని లెక్కపెట్టుకోకండి. ల్యాప్‌టాప్‌లో నెట్ ఆపేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి, నిద్రలోకి పోకుండా పెట్టండి. ముందురోజు ఆపరేటర్ వాల్ కట్టాక అదే తీగతో, అదే ఫైలుతో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వేయించి, మీరు చివరి వరుస కుర్చీలో కూర్చుని చూడండి.

కరెంటు. నా పని మొదట్లో ఒక పెళ్లి రిసెప్షన్‌లో షో మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ అరనిమిషంలో వచ్చింది, ప్రొజెక్టర్ రాలేదు. బల్బు వేడి మీద ఆరిపోతే చల్లబడేదాకా మళ్లీ వెలగదు. అయిదు నిమిషాలు పెళ్లికూతురు తండ్రి నా పక్కనే నిలబడ్డారు, ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి నేను యూపీఎస్ లేకుండా ప్రొజెక్టర్ పెట్టలేదు, ఒక కేవీఏది చాలు. ఎల్‌ఈడీ వాల్‌కు ఈ ఇబ్బంది తక్కువ, కరెంటు రాగానే వెలుగుతుంది. కానీ వాల్‌కు, మైక్ సెట్‌కు వంటల వైపు లైను కాకుండా వేరే లైను ఇమ్మనండి. తీగలు జనం నడిచే దారిలో నేల మీద పోకూడదు. తప్పనిసరైతే రెండు అంచులా టేపు వేసి, పైన చాప పరవండి. చెప్పులు విప్పి, తడి కాళ్లతో నడిచే చోటు అది.

ఎప్పుడు వేయాలన్నది పురోహితుడిగారిని ముందే అడగండి. హోమం సమయంలో పొగ ఉంటుంది, మంత్రాలు నడుస్తుంటాయి, అప్పుడు వద్దు. అక్షింతలు మొదలయ్యాక అందరూ లేచి వరుసలో నిలబడతారు, ఎవరూ తెర చూడరు. మాంగల్యధారణ అయి, అక్షింతలకు ముందు అందరూ ఇంకా కుర్చీల్లో ఉండే సమయం ఒకటి ఉంటుంది. ఏడు నిమిషాలు ఆగగలరా అని అడిగితే ఎక్కడ వీలో ఆయనే చెప్తారు. నాకు తెలిసినంతలో కాదన్నవాళ్లు లేరు. భోజనాల హాల్లో టీవీ పెట్టి మిగతా ఫొటోలను శబ్దం లేకుండా తిప్పుతూ ఉంచితే బంతి కోసం ఆగినవాళ్లు చూస్తారు.

చివరగా, ల్యాప్‌టాప్ దగ్గర మీ ఇంటి మనిషే కూర్చోవాలి. ఆపరేటర్‌కు మీ వాళ్లు ఎవరో తెలియదు. ఒక షష్టిపూర్తిలో తెర మీదకు 1970ల నాటి గ్రూపు ఫొటో వచ్చింది. వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి, ‘వాడు మా తమ్ముడు, అదిగో మా తమ్ముడు’ అంటూ ముందుకు నడిచి వచ్చేశారు. ఆ తమ్ముడు చిన్నతనంలోనే పోయాడట, అతని ఫొటో ఉందని కూడా ఆవిడకు తెలియదు. ల్యాప్‌టాప్ దగ్గర ఉన్న మనవడు స్పేస్ బార్ నొక్కి ఆపాడు. పాట ఆగింది, హాలంతా ఆగింది. ఆవిడ తెర దగ్గరకు వెళ్లి, చెయ్యి ఎత్తి ఆ ముఖం దగ్గర పెట్టి చూసుకుని, తిరిగి తన కుర్చీకి వెళ్లి కూర్చున్నాక మనవడు మళ్లీ నొక్కాడు. మీ దగ్గర కూర్చోబోయే పిల్లవాడికి ఆ మీట ఎక్కడుందో, ఎప్పుడు నొక్కాలో ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఫంక్షన్ అయ్యాక ఏ ఆల్బమ్ ఏ ఇంటిదో చూసి వారం లోపు తిరిగి ఇచ్చేయండి. ఇచ్చే ముందు విడి ఫొటోల వెనక పెన్సిల్‌తో పేర్లు రాయండి, బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందుకు పడుతుంది. ప్రతి ఆల్బమ్‌తో పాటు ఆ 250 ఫొటోలున్న పెన్‌డ్రైవ్ కూడా ఒకటి ఇవ్వండి.